పద్దెనిమిది డిగ్రీలు

కొలోన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ కథ ఇలా తిరుగుతోంది: కరోనా చలికాలంలో మన ఆర్మీ మేడం ఒకావిడ ఇద్దరు తెలుగు స్టూడెంట్లని వెంటేసుకుని, అడవిలో ఊరికే పడున్న కట్టెలు తెచ్చి, ఒక జర్మన్ తాతని చలి నుంచి కాపాడిందట. చివర జెండా బొమ్మ, దండం బొమ్మ. ఆ మేడం నేనే. ఇందులో నిజం ఒక్కటే, అది చలికాలం. కట్టెలు ఊరికే రాలేదు. తాతని నేను కాపాడలేదు. పైపెచ్చు ఆయన ఎండు కట్టెల్ని పాడుచేసిందే నేను.

నేను ఏడేళ్లు సైన్యంలో ఉన్నాను. ఆర్మీ సర్వీస్ కోర్, కెప్టెన్. తుపాకులు పేల్చే దళం కాదు. పేల్చేవాళ్లకి బియ్యం, కిరోసిన్, పొయ్యిలోకి కట్టెలు చేర్చే దళం. లేని సరుకుని ఉందని రాయడం నాకు రాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ చలికాలపు పోస్టింగ్‌లో యూనిఫాం లేదు, జీతం లేదు, ఆర్డర్ ఇచ్చే పై ఆఫీసరు లేడు. అయినా డ్యూటీయే. కాదనేవాళ్లు చివరిదాకా చదివి అప్పుడు పోట్లాటకి రండి.

2020 అక్టోబరు, శనివారం. సాయంత్రం నాలుగూ ఇరవైకి జర్మనీలోని క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో దిగాం, నేనూ మా ఆయనా. అక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో ఆయనకి ఆరునెలల రిసెర్చ్ పని. హార్ట్స్ కొండల మీద ఊరు. ఏటవాలు వీధులు, చెక్క గోడల ఇళ్లు, నల్ల పలకరాతి కప్పులు. ఉష్ణోగ్రత ఐదు. సన్నటి వాన అడ్డంగా కొడుతోంది. గోస్లార్ స్టేషన్ నుంచి తన పాత కారులో మమ్మల్ని తెచ్చినవాడు కరీంనగర్ కుర్రాడు, అక్కడే మాస్టర్స్ చదువుతున్నాడు. ఇకమీదట అతన్ని డ్రైవర్ అంటాను.

“ఆంటీ, పద్నాలుగు రోజులు క్వారంటైన్ల ఉండాలె. బయట అడుగు పెడ్తే ఫైన్ ఏస్తరు.”

“ఇంకోసారి ఆంటీ అంటే నేను వేస్తాను ఫైన్.”

“మరేమనాలె?”

“మేడం.”

“ఎస్ మేడం!” అన్నాడు, స్టీరింగ్ వదిలేసి సెల్యూట్ కొడుతూ. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టమన్నాను. అదే నా మొదటి ఆర్డరు.

మర్నాడు ఉదయం ఏడింటికి బెల్ మోగింది. మెట్టు మీద కాగితం సంచిలో వేడి బ్రెడ్డు ముక్కలు, పాల ప్యాకెట్, ఆరు గుడ్లు. మూడు మీటర్ల దూరంలో మాస్కు పెట్టుకుని నిలబడ్డ పొరుగాయన. డెబ్బై తొమ్మిదేళ్లు. జీవితమంతా ఆ కొండల్లోనే చెట్లు కొట్టిన అటవీ కూలీ. భార్య పోయింది. ఒక్క కూతురు, కొలోన్‌లో ఉద్యోగం. నేను కెప్టెన్‌నని డ్రైవర్ ముందే ఊదేశాడు. ఆయన రెండు వేళ్లు టోపీకి ఆనించి, “ఫ్రౌ హౌప్ట్‌మన్” అన్నాడు. కెప్టెన్‌గారూ అని. పద్నాలుగు రోజులు, పద్నాలుగు సంచులు. ఒక్కరోజు కూడా ఏడు దాటి ఒక్క నిమిషం కాలేదు. ఆ మనిషి ఉప్పు తిన్నాం. దీన్ని డ్యూటీ అని ఎందుకంటున్నానో ఇప్పుడైనా తెలిసిందా?

మా ఇంటికి గ్యాస్ హీటింగ్. ఆయన ఇంటికి లేదు. హాల్లో ఒక పింగాణీ పెంకుల పొయ్యి, అంతే. పొయ్యి వెలిగితే ఇల్లు, లేకపోతే రాళ్ల గుట్ట. రెండిళ్లకీ పెరడు ఒకటే. పెరటి గోడ పొడవునా ఆయన బీచ్ అనే చెట్టు కట్టెలు పేర్చి ఉండేవి, మనిషి ఎత్తున, ఒక్క ముక్క ముందుకి పొడుచుకు రాకుండా. రెండేళ్ల కిందటి వసంతంలో చీల్చినవట. రెండేళ్లు గాలికి ఎండితేగాని అక్కడ కట్టెని కట్టె అనరు. పైన ఒక రేకు. పక్కలు బార్లా.

ఆ పక్కలే నా కళ్లలో పడ్డాయి.

నవంబరులో పెద్దాయన తడి ఆకుల మీద జారి పడ్డాడు. తుంటి ఎముక. ఆస్పత్రిలో మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఎనిమిది రోజులు వదలకుండా వాన. నేను కిటికీలోంచి చూస్తున్నాను, కట్టెల మీదికి జల్లు కొడుతోంది. ఉత్తర బెంగాల్ డిపోలో నా కట్టెల గుట్ట అలా తడిస్తే నా మీద ఎంక్వైరీ వేసేవారు. దుకాణం నుంచి డ్రైవర్ చేత రెండు పెద్ద ఆకుపచ్చ టార్పాలిన్లు తెప్పించాను. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. పై నుంచి నేల దాకా చుట్టాను. మూలలు మడిచాను, తాళ్లు బిగించాను, అంచుల మీద రాళ్లు పెట్టాను. మందుగుండు గుట్టకి కట్టే పద్ధతి. చీమ దూరదు. ఫొటో తీసి పాత కోర్సుమేట్లకి పంపాను. అందరూ బొటనవేళ్లు చూపించారు.

మన వానలకి అది సరే. నాలుగు నెలలు కురిసి పోతుంది, తర్వాత ఎండ ఆరబెడుతుంది. అక్కడ ఎండ లేదు. ఆరబెట్టేది గాలొక్కటే. ఆ గాలికి నేను తలుపు వేశాను. అప్పటికే తడిసిన కట్టెల్ని లోపల పెట్టి మరీ వేశాను. ఇది నాకు అప్పుడు తెలియదు.

డిసెంబరు మొదట్లో పెద్దాయన ఇంటికొచ్చాడు. నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని హాల్లో నడుస్తాడు, పెరటి మెట్లు దిగలేడు. ఊపిరితిత్తులు కూడా అంతంత మాత్రం. కూతురు ఫోన్లో ఒక షరతు పెట్టింది. రోజూ ఉదయం ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది. గదిలో పద్దెనిమిది డిగ్రీలుంటే ఆయన ఇంట్లో ఉంటాడు. తగ్గితే కొలోన్‌లో హైమ్‌కి, అంటే వృద్ధుల హాస్టల్‌కి. ఆ రోజుల్లో హైమ్‌లోకి వెళ్లడమంటే లోపలికి వెళ్లడమే. చూడ్డానికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు.

“అక్కడ వెచ్చగా చస్తాను, ఇక్కడ చల్లగా బతుకుతాను” అన్నాడాయన. నేను పద్దెనిమిది డిగ్రీల బాధ్యత తీసుకున్నాను. ఎవరూ అడగలేదు. నేనే తీసుకున్నాను.

లాక్‌డౌన్ రూలు, ఒక ఇంటివాళ్లతో బయటివాళ్లు ఒక్కరే కలవాలి. డ్రైవరూ, గుంటూరు అమ్మాయి ఒకతీ ఒకే వేగేలో, అంటే పంచుకుని ఉండే ఫ్లాట్‌లో, అద్దెకుండేవారు. కాబట్టి కాగితం మీద వాళ్లిద్దరూ ఒక ఇల్లు. ప్లస్ నేను. అదే నా ప్లాటూను. అమ్మాయి జర్మన్ గడగడా మాట్లాడేది కాబట్టి ఆమె సిగ్నల్స్. పెద్దాయన దగ్గరికి పోకూడదు గనక పిల్లలు ఆడుకునే నీలం వాకీటాకీలు కొన్నాం. ఒకటి ఆయనకి, ఒకటి నాకు, ఒకటి సిగ్నల్స్‌కి. పెరటి గోడవి కాక, ఆయన షెడ్డులో జనవరి దాకా సరిపడా ఎండు కట్టెలుండేవి. వీళ్లిద్దరూ రోజూ మోసుకెళ్లి ఆయన వసారాలో పెట్టేవారు. ఉదయం ఏడూ నలభై ఐదుకి ఆయన సెట్లో చెప్పేవాడు: “పంతొమ్మిది. ఓవర్.” నేను పుస్తకంలో రాసుకునేదాన్ని.

జనవరి రెండో వారం షెడ్డు ఖాళీ అయింది. మంగళవారం ఉదయం పదింటికి టార్పాలిన్ విప్పాం. బయట మైనస్ నాలుగు. లోపలినుంచి పుట్టగొడుగుల వాసన కొట్టింది. కట్టెల మీద తెల్లటి నూగు, పాత పచ్చడి మీద పట్టినట్టు. డ్రైవర్ ఒకటి తీసి రెండో దానికి కొట్టాడు. ఎండు బీచ్ కంగుమంటుంది. ఇది పిడకలా చప్పుడు చేసింది.

“మేడం, గిది కట్టె కాదు. ఇడ్లీ.”

సిగ్నల్స్ నా వైపు చూసి, “ఆయనకి నేను చెప్పనాండీ?” అంది.

నేనే చెప్పాను. సెట్ నొక్కి, నాకొచ్చిన ముక్కల జర్మన్‌లో, చుట్టింది నేనే, తప్పు నాదే అని. చాలాసేపు గరగర. తర్వాత ఆయన గొంతు, “పక్కలు కూడా మూశారా?”

“మూశాను.”

“కింద కూడా?”

“కింద కూడా.”

“చాలా శ్రద్ధగా చేశారన్నమాట” అన్నాడు. తర్వాత, “కట్టెకి ఊపిరాడాలి, ఫ్రౌ హౌప్ట్‌మన్” అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. నాకు తిట్లకి జవాబు చెప్పడం వచ్చు.

ఇప్పుడు మీరడిగే ప్రశ్నలు నాకు తెలుసు, అందరూ అడిగారు. కరెంటు హీటరు పెట్టొచ్చుగా? పెట్టాం. పాత వైరింగు, రెండోది పెట్టగానే ఇల్లంతా చీకటి. కొనొచ్చుగా? ముగ్గురు వ్యాపారులకి ఫోన్ చేశాం. అక్కడ కట్టె బరువుని బట్టి అమ్మరు, పేర్పుని బట్టి అమ్ముతారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు, వంద యూరోలకి అటూ ఇటూ. డబ్బిస్తామన్నాం. పచ్చి కట్టె ఎంతైనా ఉంది, ఎండింది వసంతం దాకా లేదన్నారు. ఇళ్లలో కూచున్న జనమంతా పొయ్యిలు వెలిగించారట. పెట్రోల్ బంకులో సంచుల్లో అమ్మేవి మనిషికి రెండు. సంచి మూడు గంటలు కాలేది. వారంలో అవీ అయిపోయాయి.

మిగిలింది అడవి. ఇక్కడే వాట్సాప్ వాళ్ల “ఊరికే” మొదలవుతుంది. ఆ కొండల మీద స్ప్రూస్ చెట్లు పురుగు పట్టి నిలబడే చచ్చిపోయాయి. కనుచూపు మేర బూడిదరంగు స్తంభాలు, ఒక్కోటి ఎముకలా ఎండి. ఒక్కటి కోసినా పెద్దాయనకి రెండు వారాలు. కానీ నిలబడ్డదాన్ని ముట్టుకోకూడదు. మెషిన్ రంపం పట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. ఆ కోర్సు లాక్‌డౌన్‌లో మూసేశారు.

“యూట్యూబుల జూస్తే వస్తది మేడం. సర్టిఫికెట్ ఎందుకు?”

“ఈ దేశంలో కాగితం లేకుండా కాలు కూడా విరగదు. నోర్మూసుకుని చేతి రంపం పట్టు.”

అటవీ అధికారితో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఫోన్లోనే దొరికింది. లేసెషైన్ అనే చీటీ ఇచ్చాడు, కట్టెలు ఏరుకునే అనుమతి. ఫీజు కట్టాం. నేల మీద పడున్నవే తీసుకోవాలి, చేతి పనిముట్లే వాడాలి, తనిచ్చిన ముక్కలోనే ఏరాలి, వెలుతురున్నప్పుడే, ఆదివారం కుదరదు, గాలి లేస్తే బయటికి వచ్చేయాలి. నేల మీద పడున్నవన్నీ మంచు కింద ఉన్నాయి. నలభై సెంటీమీటర్ల మంచు.

ఆదివారం తప్ప రోజూ తొమ్మిదీ పదికి బయల్దేరేవాళ్లం. విల్లు రంపాలు రెండు, తాళ్లు, ఒక గొడ్డలి, పిల్లల స్లెడ్జి బండి, ఫ్లాస్కులో అల్లం టీ, డబ్బాలో పులిహోర. కారు రోడ్డు మలుపు దాకా. అక్కడినుంచి మంచులో కిలోమీటరున్నర నడక. డ్రైవర్ కర్రతో మంచుని పొడుస్తూ పోయేవాడు. టక్కుమంటే ఆగి తవ్వేవాళ్లం. సగం సార్లు రాయి తగిలేది. లోయలో ఫోన్లు పనిచేయవు. సిగ్నల్స్ గుట్ట మీద నిలబడి నీలం సెట్లో గాలి సంగతి చెప్పేది.

“మేడం, పైన కొమ్మలు ఊగుతున్నాయండీ. ఓవర్.”

“ఎంత ఊగుతున్నాయి? ఓవర్.”

“మా మావయ్య పెళ్లి డాన్సంతండీ. ఓవర్.”

“అర్థంకాలేదు. ఓవర్.”

“వచ్చేయండి మేడం, పడేట్టున్నాయి. ఓవర్.”

బండి పట్టేది నలభై కిలోలు. రోజుకి రెండు ట్రిప్పులు. ఆ పొయ్యి తినేది కూడా దాదాపు అంతే. స్ప్రూస్ భగ్గున లేచి చల్లారిపోతుంది, అన్నం బదులు మరమరాలు పెట్టినట్టు. తెచ్చింది తెచ్చినట్టే పోయేది. డ్రైవర్‌కి గోదాములో పార్ట్‌టైం పని పోయింది, రెండు షిఫ్టులు ఎగ్గొట్టాడని. సిగ్నల్స్‌కి రెండు వేళ్ల చివర్లు తెల్లబడి వారం రోజులు టైప్ చెయ్యలేకపోయింది. నా మోకాలు ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఆ అడవిని తలుచుకుంటుంది. ఇదండీ ఊరికే.

అయినా పుస్తకంలో అంకెలు బాగానే ఉండేవి. రోజూ ఏడూ నలభై ఐదుకి, “పద్దెనిమిది. ఓవర్.” నేను గర్వపడ్డాను కూడా.

ఫిబ్రవరి రెండో వారం చలి దిగింది. మైనస్ పంతొమ్మిది. రోడ్డు మూసేశారు, రెండు రోజులు అడవికి వెళ్లలేకపోయాం. అయినా “పద్దెనిమిది. ఓవర్.” బుధవారం సాయంత్రం నాలుగింటికి ఆయన వసారాలో చివరి కట్టెలు పెట్టి వచ్చిన సిగ్నల్స్ నా గుమ్మంలో నిలబడి షూ విప్పకుండా చెప్పింది.

“మేడం, లోపలి తలుపు అద్దంలోంచి చూశానండీ. పెద్దాయన నోట్లోంచి పొగొస్తంది.”

“సిగరెట్టేమో.”

“ఆయన కాల్చరు కదండీ.”

పద్దెనిమిది డిగ్రీల గదిలో ఊపిరి పొగలా కనపడదు. లడఖ్‌లో పనిచేసినదానికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. సెట్ నొక్కాను.

“రేపు ఉదయం ఏడూ నలభైకి నేనే వచ్చి థర్మామీటర్ చూస్తాను. ఓవర్.”

గరగర. “తనిఖీనా?”

“తనిఖీ.”

“అర్థమైంది, ఫ్రౌ హౌప్ట్‌మన్.”

గురువారం ఏడూ నలభై. రెండు మాస్కులు పెట్టుకుని మొదటిసారి ఆ హాల్లో అడుగు పెట్టాను. ఆయన నున్నగా గడ్డం గీసుకుని, ఓవర్‌కోటూ టోపీతో కుర్చీలో కూచుని ఉన్నాడు. పొయ్యిలో నిప్పులు మాత్రం ఉన్నాయి. గోడ మీద థర్మామీటర్, పద్నాలుగు. ఇద్దరం దాన్ని చూశాం. ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

“పద్దెనిమిది” అన్నాడాయన ఫోన్లో, నన్ను చూస్తూనే. అవతల ఏదో అడిగింది. “పొరుగావిడ వచ్చింది” అన్నాడు. తర్వాత ఫోన్ నాకిచ్చాడు.

కూతురు నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా మాట్లాడింది. “మీరు సైన్యంలో పనిచేశారట. మా నాన్న చెప్పే అంకె మీద నాకు నమ్మకం లేదు. మీరు చెప్పండి. ఎంత?”

“పద్నాలుగు” అన్నాను.

ఆయన తల ఊపాడు. కోపంగా కాదు. అప్పజెప్పిన సామాను సరిపోయిందని స్టోర్‌కీపరు ఊపినట్టు.

ఆ సాయంత్రం డ్రైవర్ నా వంటింట్లో టీ ముట్టకుండా కూచున్నాడు.

“పద్దెనిమిదంటే ఏం పోతుండె మేడం? నాలుగు డిగ్రీలు. గంతే గదా. మార్చి దాకా ఈడ్చుకొస్తుంటిమి.”

“పై పోస్టులో ఒకసారి కిరోసిన్ సగమే ఉంటే నిండుగా ఉందని రిపోర్టు పంపారు. ఇంకో వారం ఓర్చుకుంటాం అనుకున్నారు. మంచు పడి దారి మూసుకుపోయింది. ఇద్దరి కాలివేళ్లు తీసేశారు. సంతకం పెట్టినవాడి వేళ్లు కాదు.”

“గది సియాచిన్ ముచ్చట. గీయన పక్కింటి తాత.”

“వేళ్లు వేళ్లే.”

“మీరు కరెక్టే మేడం” అన్నాడు లేస్తూ. “గందుకే మీతోని మాట్లాడబుద్ధి అయితలేదు.” నాలుగు రోజులు రాలేదు. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా ఆ వాదన మళ్లీ మొదటినుంచి పెట్టుకుంటాం. ఇద్దరం తగ్గం.

శనివారం రోడ్డు తీశారు. పదకొండూ ఇరవైకి కూతురు కారొచ్చింది. ఒక పెట్టె, స్టాండు, టోపీ. పెద్దాయన కిటికీ అద్దం దించి నీలం సెట్ నాకు తిరిగిచ్చాడు, బ్యాటరీలు విడిగా తీసి. తర్వాత రెండో చేత్తో తాళంచెవి ఇచ్చాడు. “సోమవారం నీళ్ల వాల్వు కట్టేయండి. పైపులు పగులుతాయి” అన్నాడు. నేను అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాను. పద్దెనిమిదేళ్ల తర్వాత చేసిన సెల్యూట్ అది. ఎదురింటావిడ కర్టెన్ వెనకనుంచి చూసింది. చూడనీ.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి లోపలికి వెళ్లాను. గదిలో రెండు డిగ్రీలు. వాల్వు కట్టాను. కిటికీలు చూశాను. బయటికి రాబోతూ పొయ్యి తలుపు అద్దం వైపు చూశాను.

బూడిద ఎత్తేసి, అద్దం తుడిచి ఉంది. లోపల పేర్చి ఉంది, వెలిగించకుండా. అడుగున మూడు, వాటి మీద అడ్డంగా మూడు, పైన సన్నని పుల్లలు, నలిపిన కాగితం. పొయ్యి గట్టు మీద అగ్గిపెట్టె. తలుపు తీసి ఒక చీలికని వేలితో కొట్టాను. కంగుమంది. స్ప్రూస్ కాదు. నేను చుట్టినవీ కాదు. షెడ్డులోని ఎండు బీచ్, అది ఖాళీ కాకముందు మేం ఆయన వసారాలో పెట్టినవి. ఆరు. అంటే కనీసం నెలరోజులుగా, నోట్లోంచి పొగ వస్తున్నా, ఆయన వాటిని ముట్టలేదు. నేను కూడా ముట్టకుండా తలుపు వేసి వచ్చేశాను.

మార్చిలో హైమ్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. బాగానే ఉన్నానన్నాడు. “ఇక్కడ వేడి గోడలోంచి వస్తుంది. ఎవరు నరికారో తెలియదు” అన్నాడు. కూతురు వారానికోసారి కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపుతుందట. ఆ ఆరు కట్టెల సంగతి అడిగాను. లైను సరిగా లేదన్నాడు. లైను బ్రహ్మాండంగా ఉంది.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాం. సికింద్రాబాద్‌లో దిగేసరికి నలభై డిగ్రీలు. మాస్కు లోపల చెమట. ఇంటికొచ్చిన వాళ్లంతా మంచు ఎలా ఉంటుందని అడిగారు. మంచు నాకు గుర్తుకి రాదు. కళ్లు మూస్తే ఆ పొయ్యే వస్తుంది. తుడిచిన అద్దం వెనక చల్లగా, నీటుగా, మూడు మీద మూడు.

ఆ గురువారం తెల్లవారుజామున ఐదింటికి ఆ ఆరూ అంటించి ఉంటే, ఏడూ నలభైకి నేను పద్దెనిమిది చూసేదాన్ని. పద్దెనిమిదే చెప్పేదాన్ని, ఒట్టేసి. నేను వస్తానని ఆయనకి ముందురోజే తెలుసు. అగ్గిపెట్టె చేతికందేంత దూరంలో ఉంది. మరి ఎందుకు అంటించలేదు?